వెరోనాని ఏలిన దెల్లా స్కాలా కుటుంబం: 125 ఏళ్ళకే ఎందుకు ముగిసింది?

రాతికోట
మధ్యయుగ ఇటలీ అనగానే అందరూ ఫ్లోరెన్స్, మెదిచీ అని మొదలుపెడతారు. నాకు మాత్రం వాళ్ళకన్నా చాలా ముందు వెరోనాని ఏలిన దెల్లా స్కాలా వాళ్ళ మీదే ఆసక్తి. 1262లో మాస్తీనో దెల్లా స్కాలా చేతికి ఊరి పెత్తనం వచ్చింది, 1387 అక్టోబరులో ఆంతోనియో రాత్రికి రాత్రి ఊరొదిలి పారిపోయాడు. లెక్కేస్తే 125 ఏళ్ళు. మధ్యలో 1335 ప్రాంతంలో వెరోనా, విచెంజా, పాదువా, త్రెవీజో, బ్రెష్షా, పార్మా, లుక్కా అన్నీ వీళ్ళ కిందే ఉన్నాయి. 1342 వచ్చేసరికి మిగిలింది వెరోనా, విచెంజా, అంతే.

నా ప్రశ్న: ఈ కుటుంబాన్ని ముంచింది అన్నదమ్ముల హత్యలా, లేక రెండవ మాస్తీనో అత్యాశా? నా ఓటు హత్యలకే. 1359, 1375, 1381, మూడుసార్లు తోడబుట్టినవాళ్ళనే చంపారు. అలాంటి ఇల్లు నిలబడుతుందా అసలు?

గోదారి బుల్లోడు
వెరోనా అంటే రోమియో జూలియట్ ఊరే కదండీ? వీళ్ళు ఆ రెండు కుటుంబాల్లో ఒకరా?

పాత పుస్తకం
కాదు. ఆ నాటకంలో ఇద్దరినీ మందలించే రాజు ఎస్కలస్ ఉన్నాడు చూడండి, ఆ పేరు స్కాలా నుంచి వచ్చిందే. ఇటాలియన్‌లో ఆ కథ ముందే ఉంది, అందులో దాన్ని బార్తొలొమేయో దెల్లా స్కాలా కాలంలో, అంటే 1301-1304 మధ్య, జరిగినట్టు పెట్టారు. కథ కథే, బార్తొలొమేయో మాత్రం నిజం మనిషి. ఫ్లోరెన్స్ నుంచి వెలివేసిన కవి డాంటేకి వెరోనాలో మొదట ఆశ్రయం ఇచ్చింది ఆయనేనని చెబుతారు.

ఇక రాతికోట గారి ప్రశ్నకి. మీరు చివరి నుంచి మొదలుపెట్టారు. అసలు వీళ్ళు ఏ హక్కుతో ఏలారు అన్నది ముందు చూడాలి. వీళ్ళు పుట్టుకతో రాజులు కారు, పెద్ద జమీందారీ వంశం కూడా కాదు. స్కాలా అంటే నిచ్చెన, అందుకే నిచ్చెనలు చేసి అమ్ముకునేవాళ్ళ వంశమని శత్రువులు ఎగతాళి చేసేవాళ్ళు, వీళ్ళ జెండా మీద ఉన్నదీ నిచ్చెనే. 1259లో ఎజ్జెలినో ద రొమానో అనే నియంత చచ్చాక ఊరికి ఒక మనిషి కావాల్సి వచ్చింది, మాస్తీనో ముందు పొదెస్తా అయ్యాడు, 1262లో కాపితానో దెల్ పోపొలో అయ్యాడు. రెండూ ఊరి పదవులే. సింహాసనం కాదు.

వరంగల్ వేణు
అన్నా, ఆ రెండు పదవులకి తేడా ఏంది? నాకు ఎప్పుడూ కన్ఫ్యూజనే.

పాత పుస్తకం
పొదెస్తా అంటే మామూలుగా బయట ఊరి నుంచి జీతానికి తెచ్చుకునే అధికారి. ఆరు నెలలో, ఏడాదో ఉంటాడు, తీర్పులు చెబుతాడు, లెక్కలు అప్పజెప్పి వెళ్ళిపోతాడు. ఊళ్ళో వర్గాలు కొట్టుకుంటుంటే మధ్యలో ఎవరికీ బంధువు కానివాడు ఉండాలని పెట్టుకున్న ఏర్పాటు. కాపితానో అలా కాదు, వృత్తి సంఘాల తరఫు మనిషి, చేతిలో బలగం ఉంటుంది. మాస్తీనో ఆ రెండో పదవిని వదల్లేదు, పొదెస్తాలుగా తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. 1277లో మాస్తీనోని వెరోనాలోనే పొడిచి చంపారు. తమ్ముడు అల్బెర్తో అప్పుడు మాంతువాలో పొదెస్తాగా ఉన్నాడు, వెంటనే వచ్చాడు, ఊరి సభ ఆయన్ని జీవితాంతం కాపితానోగా ఎన్నుకుంది, చట్టాలు మార్చే అధికారం కూడా ఇచ్చేసింది. చూడటానికి ఎన్నికే. కానీ ఆ రోజు తర్వాత వెరోనాకి ఓటు వేసే పని లేకుండా పోయింది.

అపర్ణ_కె
నేను ఉండేది వెరోనాకి దగ్గర్లోనే, ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. అల్బెర్తో గురించి ఒకటి కలపాలి. టూరిస్టులకి ఎవరూ చెప్పరు ఇది. గార్దా సరస్సు ఒడ్డున సిర్మియోనేలో కాథార్ మతస్థులు (చర్చి మతద్రోహులని ముద్ర వేసిన క్రైస్తవ శాఖ) దాక్కుని ఉంటే 1276లో వాళ్ళని పట్టుకొచ్చి, 1278 ఫిబ్రవరిలో వెరోనా అరేనాలో సుమారు 200 మందిని సజీవంగా తగలబెట్టారు. ఇప్పుడు ఎండాకాలంలో ఒపేరా ఆడే అదే అరేనా. కారణం మతం ఒక్కటే కాదు, పోప్‌కీ పవిత్ర రోమన్ చక్రవర్తికీ మధ్య పోరులో వెరోనా చక్రవర్తి పక్షం పట్టినందుకు పోప్ ఆగ్రహం ఊరి మీద ఉంది, దాన్ని దించుకోవాలి. అంటే కొత్తగా వచ్చిన పెత్తనం నిలబెట్టుకోవడానికి ఆ జనాన్ని ఖర్చు రాశారు. అల్బెర్తోని "మంచి పాలకుడు" అని రాసేవాళ్ళు ఈ పేజీ దాటేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది.

గోదారి బుల్లోడు
వామ్మో. నేను జూలియట్ బాల్కనీ గురించి అడుగుదామని వచ్చానండీ.

రాతికోట
అపర్ణ గారూ, ఒప్పుకుంటాను. అదే అల్బెర్తో 1301లో సంత జరిగే కూడలి పియాజ్జా ఎర్బే పక్కన వర్తకుల భవనం కట్టించాడు, వ్యాపారస్తులు ఆ కుటుంబం వెంట ఎందుకున్నారో దాన్ని చూస్తే తెలుస్తుంది. కానీ అసలు హీరో ఆయన చిన్న కొడుకు కాన్‌గ్రాండే కదా. 1291లో పుట్టాడు. 1311లో చక్రవర్తి ఏడవ హెన్రీ నుంచి అన్న అల్బోయినోతో కలిసి "సామ్రాజ్య ప్రతినిధి" అనే బిరుదు తెచ్చుకున్నాడు, అదే ఏడు అన్న పోయాడు. అప్పటినుంచి ఒక్కడే. విచెంజా 1311లో, పాదువా 1328లో, త్రెవీజో 1329లో. పాదువా కోసమే పదహారు, పదిహేడేళ్ళు కొట్లాడాడు. డాంటే రెండోసారి వెరోనాలో ఉన్నది ఈయన దగ్గరే, తన కావ్యంలో మూడో భాగాన్ని ఈయనకే అంకితం ఇచ్చాడంటారు. అంకితం చెప్పే ఉత్తరం డాంటే రాసిందా కాదా అన్న గొడవ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

వరంగల్ వేణు
అవును, ఈ కాన్‌గ్రాండేకి విషం పెట్టారని ఎక్కడో చదివిన. నిజమేనా?

డాక్టరమ్మ సుధ
ఇది నా సబ్జెక్ట్ కాబట్టి దూరుతున్నాను. త్రెవీజో లొంగింది, 1329 జులై 18న ఊళ్ళోకి ప్రవేశించాడు, 22న చనిపోయాడు. వయసు 38. వాంతులు, విరేచనాలు, జ్వరం. దారిలో ఏదో ఊట నీళ్ళు తాగాడు, అదే కారణం అని అప్పటి మాట. 2004లో సమాధి తెరిస్తే శరీరం సహజంగా ఎండిపోయి మమ్మీలా ఉంది, పేగుల్లో మిగిలింది కూడా పరీక్షకి దొరికింది. అందులోనూ కాలేయంలోనూ డిజిటాలిస్ మొక్క తాలూకు రసాయనాలు కనిపించాయి, 2015లో ప్రచురించారు. ఆ మొక్క నుంచి వచ్చే డిజాక్సిన్ మాత్ర మన దగ్గర గుండె జబ్బు పేషెంట్లు ఇప్పటికీ వాడతారు. మోతాదు కొంచెం దాటితే మొదట వచ్చేది వికారం, వాంతులే. కాబట్టి లక్షణాలు సరిపోతాయి.

కానీ ఇక్కడితో ఆపకూడదు. 2021లో ఆయన డీఎన్ఏ చూసినవాళ్ళు పాంపే వ్యాధి, అదీ పెద్దయ్యాక బయటపడే రకం, ఉన్నట్టు చెప్పారు. కండరాల్లో గ్లైకోజెన్ పేరుకుపోయే జన్యు లోపం అది. విషం ఉంది, జబ్బూ ఉంది. ఎవరో కావాలని పెట్టారా, పొరపాటున ఏ కషాయంలోనో కలిసిందా అన్నది కెమిస్ట్రీ చెప్పదు.

గోదారి బుల్లోడు
పొరపాటున ఎలా కలుస్తుంది డాక్టర్ గారూ, సరిగ్గా ఊరు గెలిచిన నాలుగో రోజే!

డాక్టరమ్మ సుధ
పేగుల్లో చామంతి, మల్బరీ ఆనవాళ్ళు కూడా దొరికాయండి. అంటే కషాయం లాంటిది ఏదో ఇచ్చారు. ఆకులు ఏరేవాడికి ఆ మొక్క తెలియకపోతే పొరపాటు జరగొచ్చు. అయినా 14వ శతాబ్దంలో దాన్ని మందుగా పద్ధతి ప్రకారం వాడలేదు కాబట్టి కావాలనే పెట్టారన్న అనుమానం బలంగానే ఉంది. పరిశోధకులూ అటే మొగ్గారు.

పాత పుస్తకం
వైద్యుడొకణ్ణి తర్వాత కాన్‌గ్రాండే అన్న కొడుకు రెండవ మాస్తీనో ఉరి తీయించాడని కథనం ఉంది. కాన్‌గ్రాండే చావుతో ఎక్కువ లాభపడింది ఆ మాస్తీనోనే అన్నది కూడా మర్చిపోకండి. కాన్‌గ్రాండేకి పెళ్ళాం ద్వారా పిల్లల్లేరు, బయటి కొడుకులున్నారు గానీ వాళ్ళని పక్కకి తోసి అన్న అల్బోయినో కొడుకులు రెండవ మాస్తీనో, రెండవ అల్బెర్తో గద్దె ఎక్కారు. ఆ బయటి కొడుకులు కుట్ర పన్నారని జైల్లో వేశారు. అసలు రోగం ఇక్కడే మొదలైంది. ఈ కుటుంబంలో ఎవరి తర్వాత ఎవరు అన్న రూలే లేదు. అన్నదమ్ములు కలిసి ఏలడం వీళ్ళ ఆనవాయితీ, పెద్దకొడుకుకే అని ఎక్కడా రాసి పెట్టుకోలేదు. ఎందుకంటే కాగితం మీద అది ఇంకా ఊరి సభ ఇచ్చిన పదవే, ఆస్తి కాదు.

రాతికోట
అదే కదా నేనూ అనేది. దాయాదుల పోరే ముంచింది.

పాత పుస్తకం
తొందరపడకండి. మాస్తీనో, అల్బెర్తో ఇద్దరూ కొట్టుకోలేదు. అల్బెర్తోకి విలాసాలు కావాలి, మాస్తీనోకి అధికారం కావాలి, హాయిగా పంచుకున్నారు. పోయింది అంతా యుద్ధంలో పోయింది.

లెక్కల సుబ్బారావు
ఎన్నాళ్ళ నుంచో చదవడమే తప్ప రాయలేదు, కానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తకపోతే ఎలా. జొవాన్ని విల్లానీ అనే ఫ్లోరెన్స్ చరిత్రకారుడు ఈ అన్నదమ్ముల ఏడాది రాబడి 700,000 ఫ్లోరిన్లు (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు) అనీ, ఫ్రాన్స్ రాజుని తీసేస్తే క్రైస్తవ రాజుల్లో ఇంత ఎవరికీ లేదనీ రాశాడు. అదే విల్లానీ లెక్కలో ఫ్లోరెన్స్ రాబడి దాదాపు 300,000. ఆయన శత్రుపక్షం మనిషి కాబట్టి పెంచి రాసి ఉండొచ్చు, సగానికి కోసుకున్నా పెద్ద మొత్తమే. మరి ఈ డబ్బు ఎక్కడిది? భూమి కన్నా ముఖ్యంగా దారులు. ఆదిజె నది మీదుగా ఆల్ప్స్ దాటి జర్మనీకి వెళ్ళే సరుకు వెరోనా దాటాలి. పాదువా, త్రెవీజో వచ్చాక వెనిస్‌కి తిండి గింజలు వచ్చే దారులు కూడా వీళ్ళ చేతిలో పడ్డాయి. మాస్తీనో పో నది మీద సుంకం వేశాడు, ఉప్పు తయారీ కూడా మొదలుపెట్టాడు. ఉప్పు జోలికి పోయాడు, అక్కడే అయిపోయింది. వెనిస్‌కి ఉప్పు అంటే ప్రాణం, వాళ్ళు దేన్నైనా ఊరుకుంటారు గానీ ఆ గుత్తాధిపత్యాన్ని ఎవడైనా ముట్టుకుంటే ఊరుకోరు.

ఇటు ఫ్లోరెన్స్‌కి లుక్కా ఇస్తానని ఆశపెట్టి 1335లో తనే ఉంచేసుకున్నాడు. ఒక్కసారే సముద్రం మీద పెద్ద వ్యాపారినీ బ్యాంకుల మీద పెద్ద వ్యాపారినీ శత్రువులుగా చేసుకున్నవాడు ఏమవుతాడు? 1336లో రెండూ కలిశాయి, తర్వాత మిలాన్, ఫెర్రారా, మాంతువా కూడా వచ్చి చేరాయి. 1337లో పాదువా పోయింది, అల్బెర్తో అక్కడే దొరికిపోయి వెనిస్ జైలుకి వెళ్ళాడు. 1339 జనవరిలో సంధి. త్రెవీజో వెనిస్‌కి, పాదువా కర్రారా కుటుంబానికి, బ్రెష్షా మిలాన్ ఏలే విస్కోంతిలకి. 1341లో పార్మా తిరగబడి జారిపోయింది, ఆ తర్వాత లుక్కాకి దారే లేక దాన్ని ఫ్లోరెన్స్‌కి అమ్మజూపాడు, 1342లో పీసా ఎగరేసుకుపోయింది.

రాతికోట గారూ, మీరు చెప్పిన మూడు హత్యలూ దీని తర్వాతవి. అప్పటికి సొమ్ము, రాజ్యం రెండూ పోయాయి.

రాతికోట
సుబ్బారావు గారూ, 1338 ఆగస్టు వదిలేశారు. అప్పటికే మాస్తీనో సొంత బంధువు, వెరోనా బిషప్ బార్తొలొమేయో దెల్లా స్కాలాని తన చేత్తోనే వీధిలో పొడిచి చంపాడు, శత్రువులతో కలిశాడన్న అనుమానంతో. పోప్ వెలివేశాడు. యుద్ధం నడుస్తుండగా ఇంటి మనిషినే నమ్మలేని స్థితి. డబ్బు ఒక్కటే కారణమైతే 1342 తర్వాత ఇంకో 45 ఏళ్ళు ఎలా బతికారు? రెండు ఊళ్ళతో కూడా బాగానే బతకొచ్చు. మాంతువాని ఏలిన గొంజాగాలు ఒక్క ఊరితో దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఉన్నారు.

లెక్కల సుబ్బారావు
గొంజాగాల పోలిక బాగుంది, కానీ వాళ్ళు కిరాయి సేనాపతులుగా వెనిస్‌కీ మిలాన్‌కీ పనిచేసి సంపాదించారు. వీళ్ళు సైన్యాన్ని కొన్నారు, వాళ్ళు సైన్యాన్ని అమ్మారు. అంతే తేడా.

మోడరేటర్
ఇద్దరూ విడిగా కొత్త థ్రెడ్ పెట్టుకుని కొట్టుకోవచ్చు 🙂 ఇక్కడ హత్యల దగ్గరికి వద్దాం, సగం మంది దానికోసమే వచ్చారు.

అపర్ణ_కె
హత్యలంటే ముందు కోట చూపించాలి. వెరోనాలో ఆదిజె ఒడ్డున కాస్తెల్‌వెక్కియో ఉంది, 1354-56 మధ్య రెండవ కాన్‌గ్రాండే మొదలుపెట్టించాడు. మాస్తీనో కొడుకు. జనం ఈయనకి పెట్టిన పేరు పిచ్చికుక్క. 1354 ఫిబ్రవరిలో ఈయన బావమరిదిని కలవడానికి ఉత్తరానికి వెళ్తే, సవతి సోదరుడు ఫ్రెన్యానో "కాన్‌గ్రాండే చచ్చిపోయాడు" అని పుకారు లేపి ఊరు పట్టుకున్నాడు. కాన్‌గ్రాండే వెనక్కొచ్చి చంపేశాడు. ఆ తర్వాత కట్టిన కోట ఇది. నిలబడి చూస్తే అర్థమవుతుంది ఎవరికి భయపడి కట్టాడో. వెనక నది మీద తన సొంత వంతెన ఉంది, ఊళ్ళో వాళ్ళు తిరగబడితే అటునుంచి దాటి పెళ్ళాం తరఫు బవేరియా వాళ్ళ దగ్గరికి, తిరోల్‌కి పోవచ్చు. బయటి శత్రువు కోసం కట్టింది కాదు, సొంత ఊరి కోసం కట్టింది. వంతెనలో పెద్ద కమాను దాదాపు 48 మీటర్లు, ఆ కాలానికి అసాధారణం. 1945 ఏప్రిల్లో పారిపోతున్న జర్మన్ సైన్యం పేల్చేసింది, నదిలోంచి రాళ్ళు ఏరి మళ్ళీ కట్టారు.

ఇంత కోట కట్టుకున్నాడు. 1359 డిసెంబరులో గుర్రం మీద వీధిలో వెళ్తుంటే సొంత తమ్ముడు కాన్‌సిన్యోరియో పొడిచేశాడు. కోట ఎందుకు పనికొచ్చిందో మరి.

వరంగల్ వేణు
మరి చంపినోడిని ఊరు ఊరుకుందా?

అపర్ణ_కె
మొదట పాదువాకి పారిపోయాడు. కొన్ని రోజుల్లోనే తిరిగొచ్చాడు, జనం ఒప్పుకున్నారు. పిచ్చికుక్క పన్నులతో అంత విసిగి ఉన్నారు. పైగా ఈ హంతకుడు ఊరికి చేసింది తక్కువేం కాదు. పియాజ్జా ఎర్బేలో ఫౌంటెన్ 1368లో ఈయన పెట్టించిందే, ఊళ్ళోకి నీళ్ళు తెప్పించాడు. మళ్ళీ ఇంకో తమ్ముడు పావొలో అల్బోయినోని 1365 నుంచి పెస్కియేరాలో బందీగా ఉంచాడు. 1375 అక్టోబరులో తను మంచం పట్టి చావుకి దగ్గరైనప్పుడు, తన పిల్లలకి అడ్డొస్తాడని ఆ తమ్ముణ్ణి జైల్లోనే చంపించి, కొద్ది రోజులకి తనూ పోయాడు. బతికుండగానే కట్టించుకున్న సమాధి సాంతా మరియా ఆంతికా చర్చి పక్కన ఉంది, కుటుంబం మొత్తంలో అదే ఆడంబరం. నాకైతే అది చూస్తే మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలియదు.

రాతికోట
మిగిలింది నేను చెప్తాను. పిల్లలు ఇద్దరు, బార్తొలొమేయో, ఆంతోనియో, పెళ్ళి బయట పుట్టినవాళ్ళు. 1381 జులైలో ఆంతోనియో అన్నని చంపించి, ఆ నేరం ఒక అమ్మాయి వ్యవహారమని చెప్పి వేరే కుటుంబం మీద తోశాడు. ఎవరూ నమ్మలేదు. పాదువాలో కర్రారా బహిరంగంగానే హంతకుడన్నాడు, అది యుద్ధందాకా పోయింది. 1386లో బ్రెంతెల్లె దగ్గర ఓడాడు, 1387 మార్చి 11న కాస్తన్యారో దగ్గర పాదువా తరఫున జాన్ హాక్‌వుడ్ అనే ఇంగ్లీష్ కిరాయి సేనాపతి నుగ్గు చేశాడు. అక్టోబరులో మిలాన్ విస్కోంతి వచ్చి ఊరు తీసుకున్నాడు. చివరి దెబ్బ తగలడానికి కారణం 1381 హత్యే. డబ్బు కాదు.

లెక్కల సుబ్బారావు
కర్రారాకి నిజంగా అంత నీతి బాధ ఉందంటారా? విచెంజా కావాలి, దానికి సాకు దొరికింది. ఆంతోనియోకి యుద్ధం చేయమని వెనక నుంచి డబ్బిచ్చింది వెనిస్, ఎందుకంటే వెనిస్‌కి కర్రారా పడడు. హత్య లేకపోయినా ఇంకో సాకు దొరికేది.

పాత పుస్తకం
మీ ఇద్దరి మధ్యలో ఒకావిడ ఉంది, ఇద్దరూ వదిలేశారు. రెండవ మాస్తీనో కూతురు బెయాత్రీచె, అందరూ రెజీనా అంటారు. 1350లో మిలాన్ విస్కోంతి బెర్నబోకి ఇచ్చి చేశారు. తమ్ముడు కాన్‌సిన్యోరియో పోయాక, "పెళ్ళి బయటి పిల్లలకి ఎందుకు, సక్రమ వారసురాలిని నేను" అని మొగుడితో కలిసి వెరోనా మీదికి సైన్యాన్ని పంపింది. చివరికి 1379లో భారీ సొమ్ము కట్టి ఆంతోనియో వాళ్ళు రాజీ చేసుకున్నారు. ఆవిడ కూతురు కాతెరీనాని చేసుకున్నవాడే 1387లో వెరోనా మింగిన జాన్ గలెయాజ్జో విస్కోంతి. విచెంజాని కర్రారాకి ఇస్తానని మాట ఇచ్చి, తీరా పడ్డాక "ఇది మా ఆవిడ తల్లి తరఫు ఆస్తి" అని ఉంచేసుకున్నాడు. ఊరు ఇచ్చిన పదవిని ఇంటి ఆస్తిలా మార్చుకుంటే అది ఆడపిల్లతో పాటు అల్లుడి ఇంటికీ వెళ్తుంది. మీరు హత్య అనండి, డబ్బు అనండి, ఎవరి హక్కు ఏమిటో తేలకపోవడమే నాకు కనిపించేది. హక్కు తేలని చోట పక్కవాణ్ణి చంపడం ఒక్కటే పత్రం.

అన్నట్టు, రెజీనా మిలాన్‌లో కట్టించిన చర్చి పేరు సాంతా మరియా అల్లా స్కాలా. దాన్ని కూల్చి ఆ స్థలంలో 1778లో ఒపేరా థియేటర్ తెరిచారు. లా స్కాలా.

గోదారి బుల్లోడు
అబ్బ, ఆ లా స్కాలా ఈ స్కాలానా! సరే పాత పుస్తకం గారూ, 1387తో పూర్తిగా పోయారా, మళ్ళీ ఎవరూ రాలేదా?

పాత పుస్తకం
1404 ఏప్రిల్లో పిచ్చికుక్క కొడుకు గుల్యెల్మో, ఈసారి కర్రారా సాయంతోనే, వెరోనాలోకి వచ్చాడు. పది, పదిహేను రోజుల్లో చనిపోయాడు. కర్రారా మీద అనుమానం రాకుండా ఎలా ఉంటుంది, వెంటనే గుల్యెల్మో కొడుకుల్ని పట్టుకుని ఊరు తనే తీసుకున్నాడు. 1405లో వెనిస్ వచ్చి కర్రారాని కూడా ఊడ్చేసింది. ఇంకో శాఖ బవేరియా చేరి అక్కడ జర్మన్ పేరుతో బతికింది, 1598లో మగ సంతానం ఆగిపోయింది.

వరంగల్ వేణు
స్కాలిజర్ అని ఒక పండితుడు ఉన్నడు కదా, ఖగోళ లెక్కల్లో రోజుల్ని వరుస నంబర్లతో లెక్కపెట్టే జూలియన్ డే పద్ధతికి మూలం ఆయనే. ఈ కుటుంబమేనా?

పాత పుస్తకం
జోసెఫ్ స్కాలిజర్. వాళ్ళ నాన్న జూలియస్ "మేము వెరోనా ప్రభువుల వంశం" అని చెప్పుకున్నాడు, కొడుకు గట్టిగా నమ్మాడు, పుస్తకం కూడా రాశాడు. శత్రువొకడు దాన్ని చీల్చి చెండాడుతూ ఇంకో లావు పుస్తకం రాశాడు. పండితులెవరూ ఆ వంశవృక్షాన్ని ఇప్పుడు ఒప్పుకోరు. ప్రపంచ చరిత్ర తేదీలన్నీ సరిచేసినవాడు సొంత తాతల దగ్గర మోసపోయాడు, ఏం చేస్తాం.

రాతికోట
హక్కు తేలకపోవడం అన్న మాట ఒప్పుకుంటాను, కానీ అదే హక్కు తేలని విస్కోంతిలు మామని చంపి మరీ ఇంకో అరవై ఏళ్ళు ఏలారే? జాన్ గలెయాజ్జో 1385లో బెర్నబోని, అంటే మామ కూడా చిన్నాన్న కూడా అయినవాణ్ణి, పట్టుకుని కోటలో వేశాడు, ఆయన అక్కడే పోయాడు. దానికి ఏమంటారు?

పాత పుస్తకం
1395లో చక్రవర్తికి డబ్బు కట్టి డ్యూక్ బిరుదు కొనుక్కున్నాడు అంటాను. వంశపారంపర్యంగా. కాన్‌గ్రాండే 1311లో తెచ్చుకున్నది ప్రతినిధి హోదా మాత్రమే.

లెక్కల సుబ్బారావు
"డబ్బు కట్టి." అదే నేనూ చెప్పేది 😄